మందిరములో శబ్దము - యూ.ఎస్.బి. తీగ హద్దులు
(సంఘములలో మైకు సేవ చేయువారి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఎజ్రా ధర్మశాస్త్రము చదివిన దినమున, అందుకని ప్రత్యేకముగా ఒక కొయ్య వేదిక కట్టినట్లు నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో చూస్తాము. వాక్యము జనులకు చేరుటకు వడ్రంగి పని కూడ అవసరమైనది. నేడు ఆ వడ్రంగి స్థానములో మీరున్నారు.

2020లో కరోనా వలన మందిరముల తలుపులు మూతబడినప్పుడు అనేక సంఘములు ఆరాధనను ఇంటర్నెట్ ద్వారా పంపనారంభించినవి. తలుపులు తెరచిన తరువాత కూడ, మంచము పట్టిన పెద్దలకు ఆ ప్రసారమే మందిరము. ప్రసంగము మధ్యలో శబ్దము టిక్కు టిక్కుమని తెగిపోతే వారికి ఆ ఆదివారము లేనట్లే. ఇందుకు ఒక ముఖ్య కారణము చాలా చిన్నది: మిక్సరు బలిపీఠము దగ్గర, కంప్యూటరు వెనుక గోడ దగ్గర, నడుమ ఒక పొడవైన యూ.ఎస్.బి. తీగ.

1996లో వచ్చిన యూ.ఎస్.బి. బల్ల మీది పరికరములను కలుపుటకు పుట్టినది. యూ.ఎస్.బి. 2.0 తీగకు హద్దు 5 మీటర్లు, అనగా సుమారు 16 అడుగులు. 3.0 తీగలు ఇంకను పొట్టివి. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ కేథడ్రల్ పొడవు సుమారు 200 అడుగులు. పోల్చి చూడండి.

తీగలో శబ్దము పట్టక కాదు. రెండు చానళ్ల మంచి శబ్దమునకు సెకనుకు 23 లక్షల బిట్లు చాలును, యూ.ఎస్.బి. 2.0 వేగము 48 కోట్లు. చిక్కు కాలముతోనే. ఆరాధనలో గురువుగారు ఒక వాక్యము చదివితే సంఘము వెంటనే జవాబు చెప్పును గదా? కంప్యూటరు కూడ అట్లే అడిగి, అతి స్వల్ప గడువులో జవాబు కొరకు చూచును. తీగ పొడవైతే జవాబు ఆలస్యమగును. పైగా సన్నని తీగలో 5 వోల్టుల కరెంటు తగ్గిపోవును. ఫైలు కాపీ చేయునప్పుడు తప్పిన ముక్కను మరల పంపించుకొనవచ్చును. శబ్దములో తప్పిన ముక్క తిరిగి రాదు. అదే ఆ టిక్కు.

కాబట్టి నా మనవి ఒక్కటే: యూ.ఎస్.బి.ని పొట్టిగా ఉంచండి, దూరమును మరియొక తీగకు అప్పగించండి. కంప్యూటరును మిక్సరు ప్రక్కనే పెట్టి, ఇంటర్నెట్ తీగను అక్కడికి తెండి. అది 100 మీటర్ల వరకు నడచును. అది కుదరనిచో యూ.ఎస్.బి. ఆడియో పెట్టెను కంప్యూటరు దగ్గర ఉంచి, మిక్సరు నుండి మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ మైకు తీగ లాగండి. అందులో ఒకే శబ్దము రెండు తీగలలో ఎదురెదురుగా పోవును. దారిలో చేరిన గోల రెండింటిలో సమానముగా ఉండుట వలన చివర కొట్టివేయబడును. 60 మీటర్లు దానికి భారము కాదు.

డిజిటల్ మిక్సరులోని అనేక చానళ్లను రికార్డు చేయుటకు యూ.ఎస్.బి.యే కావలసిన చోట, కొంచెము దూరమునకు రిపీటరు తీగ వాడవచ్చును. ఎక్కువ దూరమునకు నెట్‌వర్క్ తీగపై పనిచేయు ఎక్స్‌టెండరు పెట్టెల జత దొరకును. అవి కీబోర్డు, మౌసులకే పరిమితమా, ఆడియోకు పనికివచ్చునా అని కొనకముందే అడగండి. పెట్టె నుండి పెట్టెకు తీగ నేరుగా పోవలెను. తయారీదారు చెప్పితే తప్ప స్విచ్చు గుండా పోరాదు.

మిక్సరుకు, కంప్యూటరుకు వేర్వేరు చోట్ల కరెంటు తీసికొనిన "హుమ్" అను మ్రోత రావచ్చును. దానిని ఆపుటకు ఎర్తు పిన్ను తీసివేయుట ప్రాణాపాయము. శబ్దపు తీగ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి.

చివరిగా, కానుకల సొమ్ముతో ఏది కొన్నను, శనివారము సాయంత్రము ఫ్యాన్లు, దీపములు అన్నియు వేసి ఆరాధన పట్టునంత సేపు రికార్డు చేసి, ఆసాంతము విని చూడండి. ఆ పెట్టెలోని సొమ్ములో విధవరాలి కాసులు కూడ ఉన్నవి. ఆ కాసులు వేసిన తల్లియే రేపు మంచము మీద నుండి మన ప్రసారము వినవలసి రావచ్చును.

దేవుడు మీ చేతి పనిని ఆశీర్వదించును గాక.