పాత మస్టాంగ్ ముందు చక్రాల పని

1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ని ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకునేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. గుంతల్లో ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు వస్తుంటే బాల్ జాయింట్లు, బుష్‌లు చూడాలి.

ఈ కారులో ముందు సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగ్ పై కంట్రోల్ ఆర్మ్ మీద కూర్చుంటుంది. బండిని జాకీ మీద వదలకుండా గట్టి స్టాండ్ల మీద నిలపాలి. స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో అణచిపెట్టకుండా బాల్ జాయింట్ విప్పితే, ఆ స్ప్రింగ్ ఒక్కసారిగా ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. ఇక్కడ మాత్రం తొందర అస్సలు పనికిరాదు.

కింది ఆర్మ్ రబ్బరు బుష్ బోల్టును బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. పాత కాటర్ పిన్నులు మళ్లీ వాడకండి. వీల్ అలైన్‌మెంట్ చేయించాకే హైవే ఎక్కండి.