బండి వణుకుకు నిదానం

వైద్యులు రోగకారణాన్ని తెలిసికొనడాన్ని నిదానం అంటారు. మన వాడుకలో నిదానమంటే తొందరపాటు లేకపోవడం. ఒకే మాటకు ఈ రెండర్థాలు ఎట్లా కుదిరినవో నాకు ఒక పికప్ బండి మూలంగా తెలిసివచ్చినది.

ఆ బండి మా బావమరిదిది. తణుకు నుంచి విశాఖపట్టణానికి కోడిగ్రుడ్లు చేరవేస్తుంది. గత సంవత్సరం దానికి వణుకు పట్టుకున్నది. "అరవై దాకా బుద్ధిగా ఉంటుందండి బావగారూ. డెబ్బై దాటిందంటే పూనకం వచ్చినట్టే" అని అతడు నాతో మొరపెట్టుకొనేనాటికి ఆరు నెలలు గడచినవి. ముప్ఫయ్యేసి గ్రుడ్లుండే అట్టలలో ప్రతి ప్రయాణానికీ కొన్ని చిట్లిపోతున్నవి. సరుకు దింపుకొనే వర్తకుడు చిట్లినవాటి వెల కోసుకొని మిగిలినది ఇస్తున్నాడు. రాత్రివేళ బండి నడిపేది అతని పెద్దకుమారుడు.

ఈలోగా ఎదురైనవారందరూ తలొక మందూ చెప్పినారు. చక్రాలకు బేలన్సింగు రెండుసార్లు చేయించినాడు. ఎలైన్‌మెంటు సరిచూపించినాడు. షాక్ అబ్జార్బర్లు మార్పించినాడు. చివరకు నాలుగు టైర్లూ కొత్తవి వేయించినాడు. టైర్లు వేయించిన తరువాత గ్రుడ్లు చిట్లడం చాలావరకు తగ్గినది, కాని అడుగున ఒక మోత, కూర్చున్న సీటులో ఒక జలదరింపు మాత్రం అట్లాగే ఉండిపోయినవి. "టైర్ల డబ్బు గోదాట్లో పోసినట్టయిందండి. బండి అమ్మేస్తాను" అన్నాడు.

ఇక్కడే అతడు పొరబడినాడని నా అభిప్రాయం. టైర్ల డబ్బు వృథా కాలేదు. బండికి ఉన్న రోగాలు రెండు. ఒకటి కుదిరినది, రెండవది కుదరలేదు. రెండూ ఒకే వేగంలో పైకి వస్తున్నందువల్ల అతనికి ఒకటిగా తోచినవి.

వీటిని విడదీయడానికి కొద్దిపాటి లెక్క చాలును. అటువంటి బండి టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు ముందుకు పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. అనగా చక్రం సెకనుకు పదిసార్లు తిరుగుతున్నదన్నమాట. ఇంజను బలాన్ని వెనుక ఇరుసుకు అందించే పొడుగాటి గొట్టాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. చక్రం ఒకసారి తిరిగే లోపల అది ఈ బండిలో దాదాపు నాలుగుసార్లు తిరుగుతుంది. కనుక దాని లెక్క నలభై. దోషం చక్రంలో ఉంటే సెకనుకు పది కుదుపులు వస్తవి. వాటిని చేయి, నడుము గుర్తుపడతవి. దోషం షాఫ్టులో ఉంటే నలభైకి తక్కువ ఉండవు. వాటిని చెవి గుర్తుపడుతుంది. పది కుదుపు, నలభై మోత. ఇప్పటి చేతిఫోనులలో ఈ సంఖ్యను కొలిచి చూపే ఉపాయాలు కూడా ఉన్నవి.

మొదటి రోగం సంగతి చూద్దాము. బేలన్సింగు యంత్రం కొలిచేది బరువును. పదిహేను అంగుళాల రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువైతే, 80 వేగంలో అవి రెండు కిలోల పైచిలుకు బలంతో ఇరుసును సెకనుకు పదిసార్లు లాగుతవి. వేగం సగమైతే ఈ బలం నాలుగవ వంతుకు పడిపోతుంది. నలభైలో కనబడని దోషం ఎనభైలో కనబడడానికి ఇది ఒక కారణం. మరొక కారణం ఉయ్యాల వంటిది. టైర్ల మీద ఆని ఉండే ఇరుసుకు సెకనుకు పది, పదిహేను ఊపుల మధ్య తన సొంత ఊపు ఒకటి ఉంటుంది. చక్రం లెక్క దానితో కలిసినప్పుడు, ఉయ్యాలను దాని సమయానికి త్రోసినట్లు, చిన్న కుదుపు పెద్దదవుతుంది.

అయితే బరువు సరిపోయిన చక్రం గుండ్రంగా కూడా ఉన్నదని నమ్మరాదు. టైరు లోపలి పొరలు విడిపోయి ఒకచోట ఉబ్బినా బేలన్సింగు యంత్రం దానికి మంచి యోగ్యతాపత్రమే ఇవ్వవచ్చును. మా బావమరిది తీసివేసిన పాత టైరు ఒకటి స్టెప్నీగా బండిలోనే ఉన్నది. దానిని ఎక్కించి, జాకీ మీద లేపి, టైరు అంచుకు కొంచెం ఎడంగా ఒక పుల్ల నిలిపి చేతితో త్రిప్పినాము. ఒకచోట టైరు వచ్చి పుల్లను త్రోసివేసినది. గ్రుడ్లను చిట్లగొట్టిన దోషి అది. ఎలైన్‌మెంటుకు ఇందులో పాత్ర లేదు. అది తప్పితే బండి ఒక ప్రక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అంతమాత్రాన బండి వణకడం అరుదు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కులను చూడవలెను. ఈ బండి సంగతి అది కాదు.

ఇక మిగిలినది మోత. ఒక ఆదివారం ఉదయం ఖాళీ బండిలో రావులపాలెం వైపు బయలుదేరినాము. డెబ్బై దాటగానే మోత మొదలైనది. అదే వేగం నిలిపి అయిదవ గేరు నుంచి నాలుగవ గేరుకు మార్పించినాను. ఇంజను చుట్లు పెరిగినవి, మోత స్థాయి మారలేదు. ముందువెనుకలు చూచుకొని ఒక్క క్షణం న్యూట్రలు చేయించినాను. మోత కొంచెం మెత్తబడినదే గాని పోలేదు. తాళం మాత్రం త్రిప్పనీయలేదు. ఇంజను ఆగితే బ్రేకు బిగుసుకుపోతుంది. ఇంతటితో ఇంజను నిర్దోషి అని తేలినది.

ఎనభైలో ఆ మోతను విన్నప్పుడు నాకు మా వృత్తి అక్కరకు వచ్చినది. మన దేశంలో విద్యుత్తు సెకనుకు యాభై ఆవృత్తాలది కనుక ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర సెకనుకు నూరు కంపనాల మోత వినబడుతుంది. స్టూడియోలో దానిని వెదకి తరిమివేయడం మాకు నిత్యకృత్యం. దానిని అంతరగాంధారమనుకుంటే ఈ బండి మోత సరిగా దాని క్రింది షడ్జం మీద నిలిచినది. నూరుకు అయిదింట నాలుగు పాళ్ళు, అనగా ఎనభై. షాఫ్టు లెక్క నలభై గదా, ఇది దానికి రెట్టింపు. షాఫ్టు ఒక చుట్టుకు రెండేసిసార్లు కుదుపుతున్నదన్నమాట.

చుట్టుకు రెండుసార్లు అన్నప్పుడు అనుమానం షాఫ్టు కీళ్ళ మీదికి పోతుంది. మన మెకానిక్కులు క్రాసు అని పిలిచే ఈ కీలును ఇంగ్లీషువారు పదిహేడవ శతాబ్దపు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ పేరుతోను, ఐరోపాలో మరికొందరు అంతకు నూరేళ్ళ ముందటి ఇటలీ పండితుడు కార్డానో పేరుతోను వ్యవహరిస్తారు. తిన్నగా కాక కొంచెం వంగి తిరిగేటప్పుడు ఈ కీలుకు ఒక దుర్గుణం ఉన్నది. ఇవతలి కడ్డీ సమవేగంతో తిరిగినా అవతలి కడ్డీ ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడి, రెండుసార్లు వెనుకబడుతుంది. అందుకని షాఫ్టు రెండవ చివర మరొక కీలును, మొదటిదాని తప్పును సరిగా రద్దు చేసేటట్లు అమర్చుతారు. గొట్టానికి రెండు చివరల ఉన్న పంగలు ఒకే వరుసలో ఉంటేనే ఆ రద్దు జరుగుతుంది. వరుస తప్పితే రెండవ కీలు మొదటిదాని తప్పును దిద్దడం మాని దానికి తన వంతు కలుపుతుంది.

అప్పుడు నేను బావమరిదిని మొదటిరోజే అడుగవలసిన ప్రశ్న అడిగినాను: ఈ మోత రాకముందు బండికి ఏ పని జరిగినది? కొంతసేపు ఆలోచించి, "క్లచ్చి ప్లేటు వేయించానండి" అన్నాడు. క్లచ్చి ప్లేటు మార్చడానికి గేరుపెట్టెను దించవలెను. గేరుపెట్టెను దించడానికి షాఫ్టును విప్పవలెను.

మరునాడు మెకానిక్కు బండి క్రిందికి దూరి టార్చి వేసి చూచినాడు. షాఫ్టు ముక్కలు ఒకదానిలోనికి ఒకటి జారే పళ్ళ జోడింపు వద్ద, విప్పినవారు గుర్తు పెట్టుకోకుండా విప్పి, దొరికిన పంటిలో దొరికినట్లు తిరిగి ఎక్కించినారు. పంగలు రెండు పళ్ళ మేర వరుస తప్పి ఉన్నవి. వెనుక క్రాసు మూతల చుట్టూ ఎర్రని పొడి రాలుతున్నది. విప్పి చూస్తే లోపలి సూదిబేరింగులలో గ్రీజు ఎండిపోయినది, ఒక మూతలో సూదులు పొడి అయినవి.

ఆ పొడిని అరచేతిలో వేసుకొని మెకానిక్కు మా బావమరిదికి చూపించినాడు. క్రాసు త్రెగితే షాఫ్టు ఆ వేగంలోనే రోడ్డు మీద పడుతుంది. కొట్టుకుంటూ పైకి లేస్తే నేలరేకును చీల్చుకొని వస్తుంది, ముందు చివర ఊడితే రోడ్డును పొడిచి బండిని ఎత్తివేయగలదు. బావమరిది ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి కుమారుణ్ణి బండి తీయనీయలేదు.

క్రాసులు రెండూ కొత్తవి వేసి, పళ్ళను వరుసలో కూర్చినారు. పని ఒక పూటలో ముగిసినది. అయిన ఖర్చు ఒక టైరు వెలకంటె తక్కువ. రావులపాలెం రోడ్డు మీద మళ్ళీ ఎనభైకి వెళ్ళినప్పుడు నేను చెవి రిక్కించి విన్నాను. టైర్ల సవ్వడి, గాలి, ఇంజను తప్ప మరేమీ లేవు.

ఇప్పుడు ఆ షాఫ్టు జోడింపు మీద తెల్లరంగుతో ఇటు ఒకటి, అటు ఒకటి రెండు గీతలు ఎదురెదురుగా ఉన్నవి. వాటిని మా బావమరిది స్వయంగా బండి క్రింద పడుకొని గీసినాడు.