బెల్టు కూత పెడితే...



అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఆ పాత బండిని ప్రేమగా నడుపుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మీరూ వారిలో ఒకరైతే, సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా కోరాపుట్ బయలుదేరేముందు ఒక్కసారి బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు చూడండి.

ఇంజను ముందు తిరిగే ఆ రబ్బరు పట్టీ ఒక్కటే. అది చేయించే పనులు మాత్రం మూడు. ఫ్యాను తిప్పుతుంది, నీటి పంపు నడిపిస్తుంది, బ్యాటరీకి ఛార్జి ఇచ్చే డైనమోనో ఆల్టర్నేటర్‌నో తిప్పుతుంది. అది తెగితే మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఘాటీ ఎక్కుతుండగా తెగిందంటే, ఇంజను కాసేపట్లోనే కాగిపోయి హెడ్ గాస్కెట్ పోవచ్చు, హెడ్డే వంకర తిరగవచ్చు. చిన్న బెల్టు పోవడం పెద్ద ఖర్చుకు దారి తీస్తుంది.

అయితే బెల్టు చాలాసార్లు ముందే చెబుతుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే, లేదా యాక్సిలరేటర్ తొక్కగానే కీచుమని కూత పెడితే, బెల్టు జారుతోందని అనుమానించండి. అలా కాక ఎప్పుడూ గరగరమంటుంటే బెల్టు కంటే ముందు బేరింగులు చూపించాలి. మెకానిక్ తెలుగువాడైనా, ఒడియావాడైనా బెల్టు అంటే ఇద్దరికీ తెలుసు. శబ్దం ఎప్పుడు వస్తోందో మాత్రం మీరే చెప్పాలి.

ఇక కంటితో చూడడం. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, చల్లారాక చేయి పెట్టండి. బెల్టును మెల్లగా తిప్పి లోపలి వైపు చూడండి. అడ్డంగా పగుళ్లు, లేచిన దారాలు, నూనె తడి కనిపిస్తే మార్చవలసిందే. నూనె ఎక్కడినుంచి కారుతోందో చూసుకోకపోతే కొత్త బెల్టూ పాడవుతుంది. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తుంటే జారి జారి అరిగిందన్నమాట. ఈ బెల్టు పుల్లీ గాడి పక్కలను పట్టుకుని తిరగాలి. అడుగును తాకుతుంటే దాని ఆయుష్షు తీరినట్టే.

రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్నచోట బొటనవేలితో నొక్కండి. దాదాపు అర అంగుళం దిగితే సరిపోతుంది. ఎక్కువ దిగితే వదులు. అలాగని మరీ బిగించకండి, పంపు బేరింగు, డైనమో బేరింగు దెబ్బతింటాయి. కొత్త బెల్టు కొంత సాగుతుంది కనుక కొద్దిరోజులు నడిపాక బిగువు మళ్లీ చూసుకోవాలి. కూత ఆగుతుందని సబ్బో గ్రీజో రాయడం వైద్యం కాదు, రోగి నోరు మూయడం.

దారిలో ఛార్జింగు ఎర్రదీపం వెలిగి, వేడి ముల్లు పైకి లేస్తుంటే, బండి పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపండి. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత తీయకండి. కాగిన ఇంజను మీద చన్నీళ్లు పోయకండి. అదే కొలత బెల్టు ఒకటీ, రెండు స్పానర్లూ డిక్కీలో ఉంటే, ఘాటీ మధ్యలో పిల్లాపాపలతో చీకట్లో నిలబడవలసిన అవసరం రాదు.