బండి మోత – కూలి మొర
(రేడియో ప్రసంగ పాఠము)



ఈ పూట మనం ఆలోచించబోయే అంశం మోటారు సైకిలు. పనిచేసే చోట బండి నిలుపుకోవడం, ఆ బండి చేసే మోత, దాని మీద యజమానికీ పనివానికీ వచ్చే తగవు. ఇది ఒక ప్రసంగానికి తగిన విషయమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన పల్నాటి కథను ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున అన్నదమ్ములు కత్తులు దూసుకోవడానికి ముందు జరిగింది ఒక కోడిపందెమని కథ చెబుతుంది. చిన్నదని తీసిపారేసిన తగవే చివరకు ఊళ్ళను కాలుస్తుంది.

దాచేపల్లి పరిసరాలను చూడండి. సున్నం బట్టీలు, నాపరాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. మరికాస్త అవతలికి వెళితే పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు. రాత్రి షిఫ్టు దిగిన మనిషి నడికుడికో, గామాలపాడుకో, పొందుగలకో ఎలా చేరాలి? ఆ వేళ బస్సు కోసం నిలబడితే తెల్లవారిపోతుంది. కాబట్టి అతనికి బండి సోకు కాదు, అవసరం. ఆ బండిని అద్దంకి – నార్కట్‌పల్లి రోడ్డు పక్కన లారీల మధ్య వదిలి లోపలికి వెళితే, పనిలో ఉన్నంతసేపూ మనసు బండి మీదే ఉంటుంది. మన ప్రాంతపు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వింటూనే ఉన్నాం.

ఇప్పుడు ఒక మిల్లు అనుకుందాం. ఒక యువకుడు వాయిదాల మీద బుల్లెట్ కొన్నాడు. అంతటితో ఊరుకోక కంపెనీ సైలెన్సరు తీసేసి, మోత పెట్టే గొట్టం బిగించాడు. అతను గేటు దగ్గరకు రాగానే కిటికీలు అదురుతున్నాయి. సూపర్‌వైజరు వచ్చి, "ఏమయ్యా, రేపటి నుంచి ఈ బండి లోపలికి రాకూడదు. వస్తే ఆ రోజు కూలి కోసేస్తా" అన్నాడు. యువకుడు, "నా బండి నా ఇష్టం సార్, లోపల పెట్టుకోవడం నా హక్కు" అన్నాడు.

ఎవరిది న్యాయం? ప్రియులారా, తొందరపడి తీర్పు తీర్చవద్దు. ఇద్దరి మాటలూ విడివిడిగా తూచి చూద్దాం.

ముందుగా యువకుడి మాట. తమ్ముడూ, బండి నీదే, కాదనము. కానీ శబ్దం నీ బండి దగ్గరే ఆగదు. అది ఎదుటివాని ఇంట్లోకి, నిద్రలోకి, చంటిబిడ్డ ఉయ్యాలలోకి వెళుతుంది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకున్న నీ తోటి పనివాణ్ణే అది లేపుతుంది. ప్రతి మోటారు వాహనానికి మోత తగ్గించే సైలెన్సరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. శబ్ద ప్రమాణాలను మీరి బండి నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు చేజారుతుంది. పట్టుబడిన గొట్టాలను రోడ్డు రోలరు కింద తొక్కించిన పోలీసుల ఫొటోలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. కనుక మోత చేయడం హక్కు కాదు, అది తప్పు.

మరి లోపల బండి పెట్టుకోవడం హక్కేనా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోను, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కోడ్‌లోను యాజమాన్యం కల్పించవలసిన సౌకర్యాలు వ్రాసి ఉన్నాయి. మంచినీరు, మరుగుదొడ్డి, పనివారి సంఖ్యను బట్టి విశ్రాంతి గది, కాంటీను. బండ్ల షెడ్డు అని విడిగా ఆ జాబితాలో లేదు. నీ నియామక పత్రంలో గాని, యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలో గాని ఆ మాట ఉంటే అది వేరు. లేకపోతే అది అడిగి సాధించుకోవలసిన సౌకర్యమే. స్థలం యజమానిది. మోత బండ్లు లోపలికి రాకూడదని నియమం పెట్టే అధికారం ఆయనకు ఉంది.

ఇక యాజమాన్యం మాట. అయ్యా, నియమం పెట్టండి, తప్పులేదు. కానీ ఆ నియమం అందరికీ ఒక్కటేనా? పనివాని బుల్లెట్‌కు గేటు మూసి, యజమాని కొడుకు బుల్లెట్‌కు తెరిస్తే అది నియమం అనిపించుకోదు, పక్షపాతం అనిపించుకుంటుంది. పైగా నియమం బోర్డు మీద వ్రాసి ఉండాలి. సూపర్‌వైజరు నోట్లో పుట్టి సాయంత్రానికి మారిపోయేది నియమం కాదు.

మరి "కూలి కోసేస్తా" అన్నారే, ఇక్కడ మీరు నిలిచి ఆలోచించాలి. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ అనుమతి పొంది, ముందుగా నోటీసులో ప్రకటించిన తప్పులకే జరిమానా వేయాలి. వేసేముందు ఆ మనిషి సంజాయిషీ వినాలి. ఒక జీతపు కాలంలో జరిమానాలన్నీ కలిపి ఆ జీతంలో నూటికి మూడు రూపాయలు దాటకూడదు. వేసిన 90 రోజుల తరువాత వసూలు చేయకూడదు. వసూలైన డబ్బు రిజిస్టరులో వ్రాసి, పనివారి మేలుకే ఖర్చు చేయాలి. ఇది కొత్త సంగతి కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఈ కట్టుబాట్లు ఉండేవి.

ఒక లెక్క వేయండి. నెలకు 12,000 రూపాయల జీతగాడు. మూడు శాతం అంటే 360 రూపాయలు. 26 పనిదినాల లెక్కన అతని రోజు కూలి సుమారు 461 రూపాయలు. అంటే పనిచేసిన ఒక్క రోజు కూలి కోసినా చట్టం గీసిన గీత దాటినట్లే! బండి మోత తప్పే. ఆ తప్పుకు శిక్షగా కూలి కోయడం అంతకంటె పెద్ద తప్పు.

ఇంకొక్క మాట. గేటు దగ్గర ఐదు నిమిషాల మోత అందరికీ వినబడింది. లోపల జిన్నింగు యంత్రం దగ్గర, రాళ్ళ క్రషరు దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషి చెవుల సంగతి ఎవరికి వినబడింది? మన ఫ్యాక్టరీ నియమాలలో ఎనిమిది గంటల పనికి శబ్దపు హద్దు 90 డెసిబెల్స్. శబ్దం అంతకు మించితే తగ్గించే ఏర్పాటు గాని, చెవులకు రక్షణ గాని ఉండాలి. మోత మీద అంత కోపం ఉన్న యాజమాన్యం ముందుగా తన పనివారి చెవులకు రక్షణ ఇచ్చిందా? ప్రశ్నించుకోండి.

యాకోబు పత్రిక ఐదవ అధ్యాయంలో పొలం కోసినవారి కూలి ప్రస్తావన ఉంది. బిగబట్టిన ఆ కూలి మొరపెడుతుందని అక్కడ వ్రాయబడింది. బండి మోత వీధి చివరివరకే. కూలి మొర పరలోకం వరకు వెళుతుంది. అయితే యువకులారా, ఇందులో మీకూ ఒక హెచ్చరిక ఉంది. హక్కు కాని దానికోసం గొంతు చించుకుంటే, హక్కు అయినదాన్ని అడిగేనాటికి మీ మాట ఎవరూ వినరు. గొట్టం మోతలో మీ న్యాయమైన మొర మునిగిపోతుంది.

మరి దారి ఏది? ఇరవై మంది, ఆపైన పనివారున్న ప్రతిచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతుంది. అందులో యాజమాన్యం తరఫున ఎందరో, పనివారి తరఫున అందరే. మొత్తం పదిమందికి మించకూడదు. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజులలో విచారణ ముగించాలి. అక్కడ తేలకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్ళవచ్చు. పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని మన పెద్దలు చెప్పుకుంటారు. మిల్లులో ఆ చాప పరచండి. గేటు దగ్గర నిలబడి తిట్టుకున్నప్పుడు తెగని మాట, కూర్చుంటే తెగుతుంది. కంపెనీ సైలెన్సరు తిరిగి బిగించాలని, గేటు దగ్గర ఇంజను ఆపి తోసుకు రావాలని, బదులుగా రేకుల షెడ్డు వేసి కాపలా పెట్టాలని ఇరువురూ ఒప్పుకోవచ్చు. ఆ ఒప్పందాన్ని కాగితం మీద పెట్టి సంతకాలు చేయండి.

చివరిగా, సంఘస్థులారా, మన సంగతి కూడా చూసుకుందాం. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది చెన్నైలోని ఒక చర్చి మైకుల మీద ఇరుగుపొరుగువారు వేసిన వ్యాజ్యం. ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని న్యాయస్థానం తేల్చింది. అదే సంవత్సరం వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. మన మైకు హద్దు దాటుతుంటే, ఆ బుల్లెట్ కుర్రవాణ్ణి మందలించే నోరు మనకు ఉండదు.

కాబట్టి ప్రియులారా, ఈ వారం మూడు పనులు చేయండి. బండి ఉన్నవారు దాని గొట్టం చూసుకోండి. జీతం ఇచ్చేవారు జరిమానాల రిజిస్టరు తెరిచి చూసుకోండి. జీతం తీసుకునేవారు మీ జీతపు చీటీలో కోతలు ఎందుకో చదివి, అర్థం కానిది మర్యాదగా, కాగితం మీద అడగండి. మెల్లగా అడిగినా మీ మాట వినడం వారి బాధ్యత.