జడ్జి మీద ఫిర్యాదు ధిక్కారం కాదు

మేం పత్రికల్లో పనిచేసేవాళ్లం. చట్టం చదివిన మీ ముందు చట్టం చెప్పే సాహసం చెయ్యం. కోర్టు వరండాల్లో మా చెవిన పడ్డ సంగతులే మాట్లాడుతాం.

వాయిదా తారీఖు ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే కనబడుతున్నది. అయినా నోటీసు అందాలంటే ప్రాసెస్ సర్వర్‌కు బండి ఖర్చులు, ఫైలు బెంచి మీదికి రావాలంటే క్లర్కుకు మామూలు, తీర్పు నకలు చేతికి రావాలంటే మళ్లీ ఇంకొకరికి. నిజాయితీగా బతికే కోర్టు ఉద్యోగులు ఈ సభలోనే ఉన్నారు, వాళ్లను అనడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. తహసీల్ ఆఫీసులో లంచమడిగితే గల్లా పట్టే మనిషి కోర్టు మెట్లెక్కంగనే ఎందుకు నోరు కట్టేసుకుంటున్నాడు?

భయం! ధిక్కారం కింద లోపలేస్తారని భయం. ఎల్లుండి మళ్లీ అదే జడ్జి ముందు నిలబడాలన్న భయం. రెండో భయం నిజమైనదే, కొట్టిపారెయ్యలేం. మొదటిదానికి మాత్రం జవాబు ఆ చట్టంలోనే ఉన్నది. 1971 కోర్టు ధిక్కార చట్టం 6వ సెక్షన్ చదవండి. కింది కోర్టు జడ్జి మీద సదుద్దేశంతో హైకోర్టుకు చెప్పుకుంటే అది ధిక్కారం కాదని రాసి ఉన్నది. ఈ ముక్క ఏ కోర్టు గోడ మీదా రాసి పెట్టరు.

ఒక తేడా మరువొద్దు. తీర్పు తప్పయితే అప్పీలుకు పోవాలి. ఫిర్యాదు నడవడిక మీద. పైసలడగడం, కక్షిదారును కులం పేరుతో తిట్టడం, వాదనలు విని తీర్పును నెలల తరబడి తొక్కిపెట్టడం, ఇట్లాంటివి. రాజ్యాంగం 235వ అధికరణం కింది కోర్టులను హైకోర్టు అదుపులో పెట్టింది. కాబట్టి కాగితం హైకోర్టు విజిలెన్స్ రిజిస్ట్రార్‌కు పోవాలి. ఊరూ పేరూ లేని ఉత్తరం బుట్టలో పడుతుంది. ప్రమాణ పత్రం, సరిచూసుకోదగ్గ ఆధారం లేని ఫిర్యాదును పట్టించుకోవద్దని 2014లోనే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి నుంచి హైకోర్టులకు ఉత్తరం పోయింది. సిబ్బంది మీదైతే ప్రిన్సిపల్ జిల్లా జడ్జికి రాయండి. లంచమైతే ఏసీబీ 1064. బలవంతం మీద ఇచ్చినా 7 రోజుల్లో చెప్పినవాడి మీద నేరం ఉండదని 2018 సవరణ చెబుతున్నది.

అసలు జరుగుతుందా అంటారా? 2012లో గాలి జనార్దన్ రెడ్డి బెయిలు వ్యవహారంలో హైదరాబాద్ సీబీఐ కోర్టు జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది, ఏసీబీ అరెస్టు చేసింది. తలుచుకుంటే చెయ్యగలరు. 2016 జూన్‌లో కేటాయింపుల మీద గొంతెత్తిన తెలంగాణ జడ్జీలను రెండు రోజుల్లో 11 మందిని సస్పెండ్ చేశారు. తర్వాత ఎత్తివేసిండ్రు, అది వేరే ముచ్చట. ధర్నా చేసిన జడ్జి మీద ఉన్న ఆ తొందర, పైసలడిగిన జడ్జి మీద ఫిర్యాదొస్తే ఎటుపోతున్నది?

ఇక పైకి పోతే దారి ఇంకా ఇరుకు. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిని తొలగించే తీర్మానానికి 100 మంది లోక్‌సభ సభ్యులో, 50 మంది రాజ్యసభ సభ్యులో సంతకం చెయ్యాలి. 1993లో జస్టిస్ వి. రామస్వామి మీద తీర్మానం కాంగ్రెస్ ఓటెయ్యకపోవడంతో వీగిపోయింది. 2011లో రాజ్యసభ సౌమిత్ర సేన్‌ను తొలగించాలని తీర్మానిస్తే, లోక్‌సభకు రాకముందే ఆయన రాజీనామా చేశారు. 1999 నుంచి అంతర్గత విచారణ పద్ధతి ఒకటున్నది. దాని నివేదిక రహస్యమని 2003లో సుప్రీంకోర్టే చెప్పింది. ఫిర్యాదు చేసినవాడికి తన కాగితం ఏమైందో తెలుసుకునే హక్కు లేకపోతే అది విచారణ ఎట్లయితది? మన డిమాండ్ ఇక్కడ ఉండాలి. కింది కోర్టయినా పై కోర్టయినా, ఫిర్యాదు మీద ఏం చేశారో గడువులోగా రాతపూర్వకంగా చెప్పాలి.

న్యాయవాద మిత్రులకు ఒక మాట. మీ క్లయింటు ఒంటరిగా సంతకం చెయ్యడు. ప్రమాణ పత్రం ఫీజు లేకుండా రాసిపెట్టండి. కేసు నంబరు, తారీఖు, ఏ హాలు, ఎవరు విన్నరు, ఇవన్నీ అందులో ఉండాలి. స్పీడ్ పోస్టు చేసి, రసీదు, నకలు ఆ మనిషి చేతికే ఇవ్వండి.