నక్షత్రాన్ని ఎరిగాకే గ్రహం: వేణు బాప్పు స్మారకోపన్యాసం

హైదరాబాదులో నిజామియా వేధశాల నీడన పెరిగిన వేణు బాప్పు గారి పేరిట మాట్లాడే అవకాశం నాకు దక్కిన గౌరవం. కొన్ని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం కె-రేఖ నడుమ సన్నని వెలుగు కనిపిస్తుంది. దాని వెడల్పును బట్టి నక్షత్రం అసలు ప్రకాశమెంతో చెప్పవచ్చని 1957లో ఆయన, ఓలిన్ విల్సన్ చూపారు. ఆ వెలుగు తీవ్రత నక్షత్రం మీది అయస్కాంత అలజడిని కూడా పట్టిస్తుంది. నివాసయోగ్య గ్రహాల చరిత్రను ఈ రేఖ దగ్గర నుంచే చదవాలని నా వాదన. నక్షత్రాన్ని ఎరగనిదే గ్రహాన్ని ప్రకటించకూడదు.

1855లో మద్రాసు వేధశాల నుంచి కెప్టెన్ జాకబ్ చేసిన గ్రహ ప్రకటన, బర్నార్డ్ నక్షత్రం చుట్టూ వాన్ డె కాంప్ చూశాననుకున్న గ్రహాలు, 1995లో మేయర్, కెలో కనుగొన్న 51 పెగాసి బి, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను ఆగవలసిన చోటు గ్లీజ్ 581.

తులారాశిలో, మనకు సుమారు 20 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎర్ర మరుగుజ్జు నక్షత్రమది. 2007లో జెనీవా బృందం అక్కడ సి, డి గ్రహాలను ప్రకటించింది. తర్వాతి కొలతల్లో డి పరిభ్రమణ కాలం సుమారు 67 రోజులని తేలింది. 2010లో వోగ్ట్ బృందం జీ అనే గ్రహాన్ని చేర్చి, అది నీరు నిలిచే మండలం నడుమనే ఉందంది. తమ హార్ప్స్ వర్ణపటమాపకం కొలతల్లో అది కనిపించలేదని జెనీవా వారు బదులిచ్చారు. 2014లో రాబర్ట్‌సన్ బృందం హైడ్రోజన్ రేఖను పరిశీలించి, ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 130 రోజులు పడుతుందని తేల్చింది. అందులో సగమెంత? 65. డి గ్రహం కాలానికి ఇది ఎంత దగ్గరో చూడండి! అలజడి ప్రాంతాలు నక్షత్రంతోపాటు తిరుగుతూ వర్ణరేఖలను అటూ ఇటూ జరిపితే, భ్రమణకాలంలో సగానికోసారి గ్రహం లాగినట్టే కనిపించవచ్చు. డి, జీ రెండూ ఆ భ్రమణం వేసిన వేషాలేనని ఆ బృందం తీర్మానం.

దీనిపై 2015లో ఆంగ్లాడా-ఎస్కుడె, టుఓమి గట్టి అభ్యంతరం లేవదీశారు. అలజడిని ముందే తీసివేసి మిగిలినదానిలో వెదికితే, చిన్న గ్రహం జాడ కూడా దానితోపాటే కొట్టుకుపోతుందన్నారు. పద్ధతి విషయంలో వారి మాట సబబే, రెంటినీ కలిపే లెక్కకట్టాలి. కానీ దానితో గ్రహం ఉన్నట్టు రుజువు కాదు. రుజువు చూపే భారం ప్రకటించినవారిదే. ఇంత అనుమానిస్తే ఏ గ్రహమూ మిగలదని కొందరంటారు. మిగులుతుందనడానికి ఆంగ్లాడా-ఎస్కుడె బృందమే సాక్ష్యమిచ్చింది. 2016లో ప్రాక్సిమా బి గ్రహం కోసం వారు నక్షత్రం వేగాన్ని కొలుస్తూనే దాని వెలుగులో మార్పులనూ గమనించారు. ఆ 11.2 రోజుల సంకేతం నిలబడింది. 2020లో ఎస్ప్రెస్సో వర్ణపటమాపకం కొలతలు దాన్ని ధ్రువపరిచాయి.

సమయం మించిపోతోంది, మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. 2014లో కెప్లర్-186ఎఫ్, 2017లో ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలు వెలుగుచూశాయి. ఇప్పుడు వెబ్ టెలిస్కోపు ట్రాపిస్ట్-1 గ్రహాల వాతావరణం కోసం వెదుకుతుంటే, అడ్డుపడుతున్నది మళ్ళీ నక్షత్రం మీది మచ్చలే. కె2-18బి అనే గ్రహంలో జీవసంకేతాలున్నాయన్న వాదనపై వివాదం ఇంకా తెగలేదు. యువ పరిశోధకులకు నా విన్నపం ఒక్కటే: గ్రహానికి పేరు పెట్టేముందు బాప్పు గారు చదివిన ఆ కాల్షియం రేఖను ఒకసారి చూడండి.