పట్టీ కట్టి కాలికి బలము గూర్చుట
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను కాళ్లు దెబ్బతిన్నవారికి వ్యాయామ చికిత్స చేయించు వృత్తిలో ఉన్నవాడను. గత నెలలో మన వీథి పిల్లవాడొకడు, మోకాలి శస్త్రచికిత్స అయిన పిమ్మట, ఎవరో చెప్పిన మాట విని తొడకు సైకిలు ట్యూబు బిగించి మెట్లెక్కుచుండగా చూచితిని. కాలు నీలి రంగునకు తిరిగియున్నది. వెంటనే విప్పించితిని. వాడు విన్న మాట పూర్తిగా అబద్ధము కాదు. అందుచేతనే నేడు దీనిని గూర్చి మాటలాడవలసి వచ్చినది.

మోకాలు దెబ్బతిన్నపుడు మొదట చిక్కిపోవునది తొడ ముందరి కండరము. కాలు కదలకుండుట ఒక కారణము. కీలులో నీరు చేరినచో ఆ కండరమునకు పోవు ఆజ్ఞయే మందగించును. రోగి ఎంత పట్టుదల గలవాడైనను కండరము సరిగా బిగియదు. అది తిరిగి పెరుగవలెనన్న, ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువులో సుమారు 70 శాతము ఎత్తించుట వాడుక. కొత్తగా కుట్టిన మోకాలు అంత బరువు నోర్చునా? ఇదియే చిక్కు.

దారి జపానులో దొరికినది. 1966లో యోషియాకి సాటో అను యువకుడు బౌద్ధుల సంస్మరణ కార్యమునందు మోకాళ్లు మడిచి మడమలపై చాలసేపు కూర్చుండెను. పిక్కలు తిమ్మిరెక్కి ఉబ్బినవి. పురాణ కాలక్షేపములలో కూర్చున్న మనకందరకు ఆ తిమ్మిరి తెలిసినదే. మనము కాలు దులుపుకొని లేచిపోదుము. ఆయనకు మాత్రము అది బరువులెత్తిన పిదప కలుగు బిగువువలె తోచెను. ఏండ్ల తరబడి పట్టీలు కట్టుకొని తనపైననే పరీక్షించుకొనెను. 1973లో మంచుపై జారు ఆటలో పడగా చీలమండ విరిగి, మోకాలి బంధము దెబ్బతిన్నది. పిండికట్టులోనున్న కాలికే పట్టీ బిగించుచు, వదలుచు వ్యాయామము చేసి, కండరమును కాపాడుకొంటినని ఆయనే చెప్పుకొనెను. ఆ పద్ధతికి కాట్సు అని పేరు. ఒత్తిడి కలుపుట అని భావము.

నేడు తొడ మొదట గాలిపట్టీ చుట్టుదురు. రక్తపుపోటు చూచుటకు భుజమునకు చుట్టుదానివంటిదే, మరికొంత వెడల్పు. లోనికి వచ్చు ధమని రక్తము తగ్గును గాని ఆగదు. వెలికి పోవు సిరల రక్తము నిలిచిపోవును. ప్రాణవాయువు చాలక చిన్న తంతువులు త్వరగా అలసిపోవును. అప్పుడు, పెద్ద బరువులకు మాత్రమే మేల్కొను పెద్ద తంతువులు కొద్ది బరువునకే పనికి దిగును. గరిష్ఠములో 20 నుండి 40 శాతము బరువు చాలును. మొదట 30 మార్లు, పిమ్మట 15 చొప్పున మూడు విడతలు, నడుమ అర నిమిషము విశ్రాంతి.

2019లో ప్రకటింపబడిన ఒక బ్రిటిషు పరిశోధనలో మోకాలి బంధమునకు శస్త్రచికిత్స అయిన 28 మందిచే 8 వారములు సాధన చేయించిరి. పట్టీతో 30 శాతము ఎత్తినవారికిని, పట్టీ లేక 70 శాతము ఎత్తినవారికిని బలము ఇంచుమించు సమముగనే పెరిగినది. మోకాలి నొప్పి మాత్రము పట్టీవారికి ఎక్కువగా తగ్గినది. 28 మంది చిన్న సంఖ్యయే యని నేనును ఒప్పుకొందును.

ఇక ట్యూబు మాట. ఆ కాలి రక్తమును పూర్తిగా ఆపు ఒత్తిడి ఎంతయో మొదట డాప్లరు యంత్రముతో కొలిచి, అందులో 40 నుండి 80 శాతము మాత్రమే ఉంచవలెను. ఆ కొలత మనిషిని బట్టి, పట్టీ వెడల్పును బట్టి మారును. సైకిలు ట్యూబునకు కొలత ఎక్కడిది? సన్నని కట్టు నరమును నొక్కివేయును. సిరలలో రక్తము గడ్డకట్టిన చరిత్ర గలవారు, రక్తపుపోటు అదుపులో లేనివారు, గర్భిణులు దీని జోలికి పోరాదు. శస్త్రచికిత్స అయిన కొలది దినములలో గడ్డకట్టు భయము ఎక్కువ గనుక, శస్త్రవైద్యుని అనుమతి లేక నేను ఎవరికిని పట్టీ చుట్టను.

ఆ పిల్లవాడు ఇప్పుడు వారమునకు రెండు దినములు గాలిపట్టీతో సాధన చేయుచున్నాడు. తొడ చుట్టుకొలత ఇంకను రెండవ కాలికంటె తక్కువగనే ఉన్నది. మీ ఇండ్లలో మోకాలి చికిత్స అయినవారున్నచో, వైద్యుని కాగితములు తీసికొని రండు. సభ ముగిసిన పిమ్మట చూచెదను.